ఆంటియోక్ ప్రవాసుల డాఫ్నీ వనం

ప్రాచీనుల విహారవనాలను గూర్చి నాలుగు మాటలు చెప్పమని సంఘంవారు కోరినారు. అటువంటి వనాలు లోకంలో చాలా ఉన్నవి. పుట్టినగడ్డ విడిచి వచ్చినవారు తమదిగా చేసికొన్న వనం ఒకటి ఈ సభకు తగునని మేము ఎంచుకొన్నాము.

అలెగ్జాండరు సేనానులలో ఒకడైన సెల్యూకస్ క్రీ. పూ. 300లో సిరియా దేశాన ఆంటియోక్ నగరం కట్టించి, మాసిడోనియావారిని, ఏథెన్సువారిని అక్కడ కాపురం పెట్టించినాడు. ఊరికి ఐదు మైళ్ల దూరాన, ఊటలు ఉబికే కొండవాలులో లారెల్, సైప్రస్ చెట్ల తోపు. నడుమ అపోలో దేవుని గుడి. ఎండాకాలం వచ్చిందంటే నగరమంతా ఆ నీడకే చేరేది. ఆ చోటి పేరు డాఫ్నీ.

డాఫ్నీ ఒక నదీదేవత కూతురు. అపోలో మోహించి వెంటబడగా పరుగెత్తి పరుగెత్తి, చిక్కబోయే క్షణాన లారెల్ చెట్టయిపోయింది. గ్రీకులో ఆ చెట్టు పేరే డాఫ్నీ. ఈ కథ జరిగినది ఆర్కేడియాలో లాడన్ నది ఒడ్డునని కొందరు, థెస్సలీలోనని కొందరు చెప్పేవారు. ఏదైనా సముద్రానికి ఆవలి మాటే. ఆంటియోక్‌వారు మాత్రం, "కాదు, ఇక్కడనే" అన్నారు. తమ ఏటికి లాడన్ అని, ఒక ఊటకు డెల్ఫీలోని కాస్టాలియా పేరు పెట్టుకొన్నారు. సాక్ష్యం కూడ ఉన్నదట! సెల్యూకస్ వేటకు వచ్చినప్పుడు గుర్రపు డెక్క తగిలి నేలలోనుండి బంగారు బాణపు ములికి బయటపడిందనీ, దానిపై అపోలో పేరు చెక్కి ఉన్నదనీ 4వ శతాబ్దపు వక్త లిబానియస్ చెప్పినాడు.

దీనిని అబద్ధమని కొట్టివేయడానికి మాకు నోరు రాదు. పరాయి ఏటి ఒడ్డున కూర్చొని పిల్లలకు గోదావరి కథ చెప్పే తల్లి చేయి ఎటు చూపుతుందో మన ఇండ్లలో అందరికీ తెలిసినదే.

కాని కథను తెచ్చుకోవడం వేరు, కొలుపు నిలుపుకోవడం వేరు. క్రీ. శ. 362లో జూలియన్ చక్రవర్తి ఉత్సవానికని డాఫ్నీకి వెళ్లినాడు. ఎడ్ల బలులు, ధూపాలు, తెల్లని వస్త్రాల బాలురు ఉంటారని ఆశించినాడు. తీరా చూస్తే పూజారి ఒక్కడే, తన ఇంటినుండి తెచ్చిన ఒక్క బాతుతో నిలబడి ఉన్నాడు! అంత ధనిక నగరం ఏమీ పంపలేదు. అప్పటికి ఊరిలో చాలామంది క్రైస్తవులు. ఆ యేడే గుడి తగులబడింది.

కథ మాత్రం గుడితో పోలేదు. 1932 నుండి 1939 వరకు జరిగిన త్రవ్వకాలలో ఆనాటి ధనికుల ఇండ్ల నేలలపై రంగురాళ్లతో కూర్చిన పురాణ చిత్రాలు ఎన్నో బయటపడినవి. పరుగెడుతున్న డాఫ్నీ అందులో ఉన్నది.

ఇప్పుడా చోటు తుర్కియేలోని హర్బియే. గ్రీకు మాట్లాడేవారి ఊరు కాదు. అయినా తుర్కీ భాషలో లారెల్‌ను దెఫ్నె అంటారు. 2012లో చట్టం చేసి ఏర్పరచిన అక్కడి తాలూకాకు పెట్టిన పేరు కూడ దెఫ్నెయే.