ఇంట్లో తుపాకీ ఉంటే దాని చోక్ ఏమిటో తెలిసి ఉండాలి
(మైపాడు రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఎప్పుడూ మనం వడ్ల ధర, రొయ్యల ధర, కాలువ నీళ్ల గురించి మాట్లాడుకుంటాం. ఈరోజు తుపాకీ గొట్టం గురించి మాట్లాడుకుందాం. పంట కాపలాకనీ, రక్షణకనీ తీసుకున్న లైసెన్సు తుపాకులు కొన్ని రైతు ఇళ్లలో తాతల నాటి నుంచీ ఉన్నాయి. తుపాకీ అయితే చేతులు మారుతుంది గానీ, దాని సంగతి చెప్పేవాళ్లు ఉండరు. "ఎడమ గొట్టం గట్టిది, దూరం కొడుతుంది" అన్న మాట ఒక్కటే కొడుక్కి అందుతుంది. అందులో సగమే నిజం.

12 బోరు గొట్టం లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. మూతి దగ్గర దాన్ని కాస్త సన్నం చేస్తారు. దాన్నే చోక్ అంటారు. పూర్తి చోక్ అంటే దాదాపు ఒక మిల్లీమీటరు బిగింపు. సగం చోక్‌కు అర మిల్లీమీటరు, పావు చోక్‌కు పావు మిల్లీమీటరు. బిగింపే లేకపోతే సిలిండర్. కొత్త తుపాకులు కొన్నింటికి చోక్ విప్పి మార్చుకోవచ్చు. పాత జోడు గొట్టాల తుపాకుల్లో అది గొట్టంలోనే ఉంటుంది, మారదు. మామూలుగా కుడి గొట్టం వదులు, ఎడమది బిగువు.

నీళ్ల పైపు మూతి వేలితో నొక్కితే నీళ్లు దూరం పోతాయి కదా, ఇదీ అంతే అనుకుంటాం. అలా కాదు. చోక్ వల్ల రవ్వల వేగం చెప్పుకోదగ్గంత పెరగదు. అవి చెదరకుండా దగ్గరదగ్గరగా పోతాయి, అంతే. 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయం గీసి కాలిస్తే, నూటికి సిలిండర్ గొట్టంతో సుమారు 40 రవ్వలు లోపల పడతాయి. పావు చోక్‌తో 55, సగం చోక్‌తో 60, పూర్తి చోక్‌తో 70.

మరి మిగతా 30 ఎక్కడికి పోయినట్టు? గురికి బయటికి. మన నేల చదును, అడ్డం ఉండదు. గుంట గట్టు మీద మేత చల్లే మనిషి ఉంటాడు, సరుగుడు తోటలో పుల్లలేరుకునే ఆడమనిషి ఉంటుంది. ఎల్‌జీ, ఎస్‌జీ తూటాల పెద్ద గుండ్లు వందల మీటర్లు పోతాయి. చీకట్లో అలికిడి విని కాల్చడమంటే మన మనిషినే కాల్చుకోవడం కావచ్చు.

నాలుగు జాగ్రత్తలు చెబుతున్నాం. ఒకటి, చోక్ ఉన్న గొట్టంలో నిండు గుండు వేయొద్దు, గొట్టం పగలొచ్చు. అందుకే కొన్ని పాత ఇంగ్లిష్ గొట్టాల మీద 'నాట్ ఫర్ బాల్' అని ముద్ర ఉంటుంది. రెండు, గొట్టం కోయించొద్దు. చోక్ ఉండేది మూతి దగ్గరే, కోస్తే అదీ పోతుంది. పైగా అనుమతి లేకుండా గొట్టం పొట్టి చేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. మూడు, కొన్ని విదేశీ తుపాకుల మీద నక్షత్రాలుంటాయి. ఒక్క నక్షత్రం పూర్తి చోక్. నక్షత్రాలు పెరిగేకొద్దీ గొట్టం వదులు. చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు. నాలుగు, ఎన్నికలప్పుడు స్టేషన్‌లో అప్పగించి తెచ్చుకున్నాక, తూటా లేదని చూసుకుని, గొట్టం వెనక నుంచి వెలుతురు కనపడుతుందో లేదో చూడండి. మట్టి గానీ, కందిరీగ గూడు గానీ అడ్డముంటే గొట్టం పేలుతుంది.

ఇంకో మాట. లైసెన్సు తుపాకీ ఉంచుకోవడానికే, జంతువును చంపడానికి కాదు. పొలం తొక్కే అడవిపందికీ, రొయ్యల గుంట మీద వాలే నీటికాకికీ, కొంగకూ 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. పంట నాశనం చేసే అడవిపందిని చంపాలన్నా 11వ సెక్షన్ కింద అటవీ అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. తెలియక కాల్చిన రైతు పంట పోగొట్టుకుని, కేసూ మోయాలి.

అందుకే మన సంఘం అడిగేది తుపాకులు కాదు. పంట నష్టానికి పరిహారం నెలల తరబడి నానబెట్టకుండా ఇవ్వండి, కంచెకు సాయం చేయండి, అనుమతి అర్జీకి గడువు పెట్టి జవాబివ్వండి అంటున్నాం.

ఇంట్లో తుపాకీ ఉన్నవాళ్లు లైసెన్సున్న మరమ్మతుదారు చేత రెండు గొట్టాలూ కొలిపించి, ఏ గొట్టం ఏ చోకో కాగితం మీద రాసి లైసెన్సు పుస్తకంలో పెట్టుకోండి. కొడుక్కి తుపాకీ ఇచ్చేనాడు ఆ కాగితం కూడా ఇవ్వండి.