బడి తప్పిన పిల్లకు మరో బడి



మన మెదక్ పట్టణంలో పొద్దున్నే చర్చి వైపునుంచీ, కోట కిందినుంచీ పుస్తకాల సంచులతో బిలబిలమంటూ వెళ్ళే పిల్లల్ని చూస్తే కడుపు నిండుతుంది. ఆ గుంపులో లేని పిల్ల గురించి ఈ రోజు నాలుగు మాటలు చెప్పుకుందాం. మూడో తరగతిలోనో నాలుగులోనో బడి మానేసి, తమ్ముణ్ణి చంకన వేసుకుని, తల్లి పక్కన కూచుని బీడీలు చుట్టి, పదమూడో ఏడు వచ్చేసరికి పెళ్ళిమాటలు వింటుందే, ఆ పిల్ల. "మళ్ళీ బళ్ళో వెయ్యమ్మా" అంటే తల్లి ఏమంటుంది? "ఇంత పొడుగు పిల్లను చిన్నపిల్లల నడుమ కూచోబెడితే సిగ్గు కాదా అమ్మా?" అంటుంది. ఆ మాటలో న్యాయం లేకపోలేదు.

ఈ చిక్కు విప్పడానికి గట్టి ప్రయత్నం జరిగిన జిల్లాల్లో మనదీ ఒకటి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సమాఖ్య కార్యక్రమం 1993లో మొదలైంది మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనే. అందులో భాగంగా మహిళా శిక్షణ కేంద్రాలు వచ్చాయి. చదువు మానేసిన, అసలు బడి మొహమే చూడని ఆడపిల్లలు అక్కడే ఉండి, ఏడాది అటూఇటూలో ఏడో తరగతి పరీక్షకు తయారయ్యేవారు. ఏడేళ్ళ చదువు ఏడాదిలోనా అని ముక్కున వేలేసుకోకండి. కట్టకు 25 చొప్పున వెయ్యి బీడీలకు 40 కట్టలని నోటితో చెప్పే పిల్లకు భాగహారం ఎంతసేపు? ఆ లెక్క కాగితం మీద ఎలా ఉంటుందో చూపించాలి, అంతే.

పాత మెదక్ జిల్లాలోనే, ఇప్పుడు సంగారెడ్డిలో చేరిన జహీరాబాద్ ప్రాంతంలో, మాచ్‌నూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వారు పచ్చసాలె అని ఒక బడి పెట్టారు. అక్షరాలతోపాటు సేద్యం, వడ్రంగం, కుట్టుపని కూడా పాఠాలే. పేదపిల్లలకు చేతిపనీ, కలిగినవాళ్ళకు పుస్తకమూనా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. కానీ అక్కడ పుస్తకం తీసేసి పని పెట్టలేదు, రెండూ ఉన్నాయి. నన్నడిగితే మన పిల్లలందరికీ అలాగే ఉండాలి.

మహిళా సమాఖ్య పథకానికి కేంద్రం 2016లో స్వస్తి చెప్పింది. అయినా దారులు మూసుకుపోలేదు. 2010 ఏప్రిల్ 1నుంచి అమలైన విద్యాహక్కు చట్టం ప్రకారం, 14 ఏళ్ళలోపు పిల్లను వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడిన పాఠాలు ప్రత్యేకంగా నేర్పాలి. పొడుగు పిల్ల ఒకటో తరగతిలో కూచోనక్కరలేదన్నమాట! ఉండి చదువుకునేందుకు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలున్నాయి. 14 నిండితే ఓపెన్ స్కూలులో పదో తరగతికి కట్టవచ్చు. పెళ్ళయిన అమ్మాయయినా సరే. అన్ని సబ్జెక్టులూ ఒక్కసారే గట్టెక్కాలనీ లేదు.

చివరగా ఒక మాట, కోపం తెచ్చుకోకండి. మీ ఇంట్లో అంట్లు తోమే పిల్ల వయసెంత? 14 లోపు పిల్లల్ని ఇంటిపనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు 10నుంచే నేరం. అలాగని రేపే మానిపించి చేతులు దులుపుకుంటే ఆ పిల్ల ఇంకో ఇంటికి పోతుంది. తల్లిని కూచోబెట్టి మాట్లాడండి. కస్తూర్బా బడి దాకా మీరే తోడు వెళ్ళండి. రాత్రి పిల్లల దగ్గర ఎవరుంటారు, తలుపులు గట్టివేనా, నెలసరి వస్తే ఎవరు చూస్తారు అని ఆ తల్లి అడుగుతుంది. అడగనివ్వండి. తన కళ్ళతో చూసిందాకా సంతకం పెట్టదు. జూన్‌లో బళ్ళు తెరవకముందే ఆ పని అయిపోవాలి సుమండీ.

సెలవు.