డబ్బు కట్టేముందు బ్యాటరీ సంగతి తేల్చుకుందాం



నేలలో తేమ చెప్పే సెన్సార్లు పెట్టించుకోమని ఊరూరా తిరుగుతున్నారు. మేము వద్దనడం లేదు. మొక్కజొన్న చేలో ఆరు పెట్టించాం కూడా. విత్తే రోజుల్లో చేను బోసిగా ఉంది, అన్నీ బాగా పనిచేశాయి. పైరు నిలువెత్తు పెరిగేసరికి రెండు మూగబోయాయి. పచ్చి ఆకులోని నీరు సిగ్నల్‌ని మింగేస్తుందట. ఆ ముక్క అమ్మినాయన ముందు చెప్పలేదు!

తేమ కొలవడానికి బ్యాటరీ కొంచెమే ఖర్చవుతుంది. కబురు పంపడానికే ఎక్కువ. దూరం రెట్టింపైతే కనీసం నాలుగింతల బలంతో పంపాలి. గట్టు మీది పెట్టెకు దగ్గరున్న సెన్సార్ వెనకవాటి కబుర్లూ మోస్తుంది. అందుకే మా చేలో ముందు అదే ఆగిపోయింది, సరిగ్గా కంకి పాలుపోసుకునే వేళకి.

నిమిషానికోసారి పంపడం దేనికి? గంటకోసారి చాలు, మిగతా వేళ దాన్ని నిద్రపోనివ్వాలి. పెట్టెను బండిమీద పెట్టుకుని గట్ల వెంట తిప్పినా కబుర్లు దగ్గర్నుంచే అందేలా చెయ్యొచ్చు. అలాంటివి అడగండి. పెరిగిన చేలో పనిచేయించి చూపమనండి. బ్యాటరీ ఎన్నాళ్లొస్తుందో, మార్చే ఖర్చు ఎవరిదో బిల్లు మీదే రాయించుకోండి. మేము రాయించుకోలేదు. ఇప్పుడు ఫోన్ చేస్తే ఎత్తడంలేదు.