బాల న్యాయం వార్డులోనే మొదలవుతుంది
(బాలల హక్కులపై జరిగిన స్థానిక సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. ఒక పురపాలక కార్యాలయంలో ముప్పై నాలుగు సంవత్సరాలు గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. అందులో అధిక భాగం జనన మరణాల నమోదు విభాగంలోనే గడిచింది. బాల న్యాయం గురించి మాట్లాడడానికి న్యాయవాదిని గాక నన్ను పిలవడం కొందరికి వింతగా తోచవచ్చు. నేను ఇక్కడికి రావడానికి కారణం ఒక కుర్రవాడు. అతని పేరు చెప్పను, వీధి చెప్పను. బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం అటువంటి పిల్లల గుర్తింపు తెలిసేలా ఏ పత్రికలోనూ రాయకూడదు. మనవాళ్ళు వాట్సాప్‌లో ఫోటోలు పంపే ముందు ఈ సంగతి గుర్తుంచుకుంటే బాగుంటుంది.

ఆ కుర్రవాడు మోటారు సైకిళ్ళ మరమ్మతు షెడ్డులో పనిచేసేవాడు. దొంగిలించిన బండి ఒకటి ఆ షెడ్డులో దొరికింది. యజమానితో పాటు అతన్నీ తీసుకుపోయారు. తండ్రి లేడు. మరునాటి సాయంత్రం తల్లి మా ఇంటికి వచ్చి, "చాచా, మా వాడికి పదహారు నిండి నాలుగు నెలలే. ఆధార్ కార్డులో పందొమ్మిది అని ఉందట. పెద్దవాళ్ళ జైలుకు పంపించారు" అని ఏడ్చింది. ఆధార్ నమోదు సమయంలో ఆమె చేతిలో ఏ కాగితమూ లేదు. వయసు ఉజ్జాయింపుగా చెప్పింది. అక్కడివారు ఏదో సంవత్సరం వేసి, జనవరి ఒకటి అని రాసేశారు.

ఆధార్ కార్డు పుట్టిన తేదీకి రుజువు కాదు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా ఈ మాట స్పష్టంగా చెప్పింది. వయసు నిర్ధారణకు బాల న్యాయ చట్టం 94వ సెక్షన్‌లో ఒక వరుస ఉంది. మొదట పాఠశాల ఇచ్చిన జనన తేదీ పత్రం లేదా పదవ తరగతి పత్రం. అవి లేకపోతే కార్పొరేషన్, మునిసిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. రెండూ లేనప్పుడు మాత్రమే ఎముకల పరీక్ష వంటి వైద్య పరీక్ష. మేము ఆ కుర్రవాడు రెండవ తరగతి వరకు చదివిన ఉర్దూ ప్రాథమిక పాఠశాలకు వెళ్ళాం. ప్రధానోపాధ్యాయురాలు పాత బీరువా తెరిచి, చెదలు తిన్న అంచులతో ఉన్న ప్రవేశాల రిజిస్టరు తీసి, తేదీ చూసి నకలు ఇచ్చారు. ఆ ఒక్క పేజీ వల్ల అతను బాల న్యాయ మండలి ముందుకు వచ్చాడు, బెయిలు దొరికింది. అప్పటికి పెద్ద ఖైదీల మధ్య పదకొండు రాత్రులు గడిచాయి. ఆ రాత్రుల గురించి అతను తల్లితో ఇప్పటికీ మాట్లాడడు.

పాఠశాల నుంచి తిరిగి వస్తుండగా ఆమె మాటల మధ్య ఒక సంగతి చెప్పింది. బిడ్డ ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీద పుట్టాడు. మూడేళ్ళ వయసులో జనన పత్రం కోసం మునిసిపల్ ఆఫీసుకు వెళ్తే, బల్ల దగ్గరి గుమాస్తా "ఏడాది దాటిపోయింది, మెజిస్ట్రేటు ఆర్డరు తెచ్చుకో" అని పంపేశాడట. ఆ గుమాస్తా ముఖం ఆమెకు గుర్తు లేదు. ఆ సంవత్సరాల్లో ఆ బల్ల దగ్గర కూర్చున్నవాణ్ణి నేనే.

నేను చెప్పింది చట్ట ప్రకారం తప్పు కాదు. జననాన్ని 21 రోజులలోగా నమోదు చేయించాలి. సంవత్సరం దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. అయితే అర్జీ ఎలా రాయాలో, నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ ఎక్కడ తీసుకోవాలో, ఎవరి ముందు ప్రమాణ పత్రం ఇవ్వాలో నేను చెప్పలేదు. వరుసలో ఇంకా ముప్పై మంది ఉన్నారని నా సమాధానం. ఆ సమాధానం నాకు ఇప్పుడు చాలడం లేదు.

అందుకే ఈ వేదిక మీద నేను చెప్పదలచుకున్నది ఒకటే. బాల న్యాయం అనగానే మనం పోలీసు స్టేషను, కోర్టు, అబ్జర్వేషన్ హోమ్ వైపు చూస్తాం. కాని ఆ కుర్రవాడి విషయంలో న్యాయం చెడిపోయింది స్టేషనులో కాదు, పదమూడేళ్ళ ముందు మునిసిపల్ కౌంటరు దగ్గర. మూడవ తరగతికి వెళ్ళకుండా ఆగిపోయినప్పుడు ఎవరూ ఇంటికి వచ్చి అడగలేదు కదా, అప్పుడు మరోసారి చెడిపోయింది. ముస్లిం పిల్లల్లో 6 నుంచి 14 ఏళ్ళ వయసువారిలో నాలుగింట ఒక వంతు బడి ముఖమే చూడలేదని లేదా మధ్యలో మానేశారని 2006లోనే సచార్ కమిటీ చెప్పింది. ఆ నివేదికను మనం సభల్లో ఎన్నోసార్లు ఉదహరించాం. మన వార్డులో ఆ పిల్లలు ఎవరో పేర్లతో జాబితా మాత్రం ఎన్నడూ రాసుకోలేదు.

మా అన్నగారి కుమారుడు ఇంగ్లండులో ఉంటున్నాడు. ఈ సభకు సిద్ధమవుతూ అతన్ని అడిగితే అక్కడి పద్ధతి వివరించాడు. 1998 నాటి చట్టం ప్రకారం ఇంగ్లండు, వేల్సులలో ప్రతి స్థానిక కౌన్సిలు ఏటా యువ న్యాయ ప్రణాళిక రూపొందించాలి. పోలీసు, ప్రొబేషన్, ఆరోగ్య, విద్య, సంక్షేమ శాఖలవారు ఒకే బృందంగా ఎలా పనిచేస్తారో, డబ్బు ఎక్కడినుంచి వస్తుందో అందులో రాయాలి. అలాగని అక్కడ అంతా సవ్యంగా ఉందని అనుకోకండి. 2017లో పార్లమెంటు సభ్యుడు డేవిడ్ లామీ సమర్పించిన సమీక్ష ప్రకారం, నిర్బంధంలో ఉన్న పిల్లల్లో నల్లజాతి, ఆసియా తదితర మైనారిటీల వాటా 2006లో 25 శాతం ఉండగా 2016కి 41 శాతానికి పెరిగింది. ప్రణాళిక ఉన్నా అన్యాయం ఆగలేదు. కాని లెక్క కాగితం మీద ఉన్నది కనుక ఎందుకు ఇలా అయిందని నిలదీయగలిగారు. మన ఊరిలో ఎక్కువగా మన పిల్లలనే పట్టుకుపోతున్నారని కొందరు ఆవేశంగా అంటారు. నేను ఔననీ అనను, కాదనీ అనను. నా చేతిలో లెక్క లేదు. ముందు లెక్క అడుగుదాం.

అడగడానికి మనకు ఆధారాలు ఉన్నాయి. జనన నమోదు, ఆటస్థలాలు, బలహీన వర్గాల ప్రయోజనాల పరిరక్షణ పురపాలక సంఘాలకు అప్పగించదగిన విధులుగా రాజ్యాంగం పన్నెండవ షెడ్యూలులో ఉన్నాయి. మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల పట్టణాల్లో వార్డు కమిటీలు ఏర్పాటు చేయాలని 243-ఎస్ అధికరణ చెబుతున్నది. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకాలు బాలల పరిరక్షణ బాధ్యతను స్థానిక సంస్థల కమిటీలకు అప్పగించవచ్చని సూచించాయి. జిల్లా స్థాయిలో బాలల పరిరక్షణ విభాగం ఉండాలని బాల న్యాయ చట్టమే ఆదేశించింది. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. మీ వార్డులో అటువంటి కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో చెప్పగలవారు ఈ హాలులో ఎందరున్నారు? చేతులు ఎత్తమని అడగను, ఇబ్బంది పడతారు.

తల్లులు, అక్కచెల్లెళ్ళు ఎక్కువమంది వచ్చారు గనుక ఆపద సమయంలో పనికివచ్చే సంగతులు కొన్ని చెప్పి తీరాలి. పద్దెనిమిది ఏళ్ళు నిండని పిల్లవాణ్ణి లాకప్‌లో ఉంచకూడదు, జైలుకు పంపకూడదు, సంకెళ్ళు వేయకూడదు. ఇరవై నాలుగు గంటలలోగా బాల న్యాయ మండలి ముందు హాజరు పరచాలి. ప్రతి స్టేషనులోనూ బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలి, స్టేషనుకు వెళ్ళగానే "ఆ అధికారి ఎవరు?" అని మర్యాదగా, గట్టిగా అడగండి. బెయిలు ఇవ్వడమే నియమం. ఇవ్వకపోతే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి. పిల్లలకు, స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. 1098 నంబరు గోడ మీద రాసి పెట్టుకోండి. అన్నిటికంటే ముందు అతను మైనరు అని మొదటి రోజే చెప్పండి. ఆలస్యమైనా అధైర్యపడవద్దు. ఆ వాదన ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, తీర్పు వచ్చిన తరువాత కూడా లేవనెత్తవచ్చని తొమ్మిదవ సెక్షన్ చెబుతున్నది.

ప్రొబేషన్ అధికారి ఇంటికి వచ్చి సామాజిక విచారణ నివేదిక రాస్తారు. కుటుంబం, చదువు, స్నేహాలు అందులో నమోదవుతాయి. భయంతో తలుపు మూయకండి. ఇరుగుపొరుగు పెద్దలు, పాత ఉపాధ్యాయులు వచ్చి రెండు మంచి మాటలు చెబితే మండలి నిర్ణయం మీద ఆ మాటల ప్రభావం ఉంటుంది. మన మస్జిదు కమిటీలు, మహిళా సంఘాలు చేయగల పని ఇది. ఆ కుర్రవాడి కోసం మాట్లాడడానికి అతని పాత ఉపాధ్యాయురాలు ఒక్కరే వచ్చారు. పెద్దమనుషులు కొందరు, "దొంగతనం కేసు, మనకెందుకు" అన్నారు. వారిలో ఇద్దరు ఈ రోజు ఇక్కడే ఉన్నారు, నొచ్చుకోకండి.

ఇక పనిలోకి వస్తాను. వచ్చే సోమవారం మేము కొందరం మునిసిపల్ కార్యాలయానికి వెళ్తున్నాం. సమాచార హక్కు చట్టం కింద మూడు ప్రశ్నలు పెడుతున్నాం: వార్డు స్థాయి బాలల కమిటీ ఏర్పడిందా, సభ్యులెవరు, గత రెండేళ్ళలో జరిగిన సమావేశాల తీర్మానాల నకళ్ళు ఏవి? రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు ముప్పై రోజులు. జవాబు వచ్చాక, బడి మానేసిన పిల్లల జాబితా, జనన పత్రం లేని పిల్లల జాబితా కౌన్సిలరు గారి చేతికి మనమే ఇస్తాం. జాబితాలు తయారు చేయడానికి వీధికి ఇద్దరు చొప్పున యువకులు, యువతులు కావాలి.

గడువు మీరిన జననాల నమోదుకు అర్జీ నమూనాలు యాభై ప్రతులు రాయించి తెచ్చాను. గుమ్మం పక్కన బల్ల మీద ఉన్నాయి. జుహర్ నమాజు తరువాత అసర్ వరకు నేను ఆ బల్ల దగ్గరే కూర్చుంటాను. నింపడం రానివారు కాగితాలు పట్టుకొని రండి, నేను నింపి ఇస్తాను.