మేసన్ జాడీ కథ



అమెరికాలో పండ్లు నిల్వచేసే గాజు జాడీని నేటికీ మేసన్ జాడీ అంటారు. జాన్ లాండిస్ మేసన్ రేకు పనివాడు. అప్పట్లో జాడీని రేకు మూతతో కప్పి, చుట్టూ కరిగిన లక్క పోసేవారు. ఎక్కడ సందు మిగిలినా లోపలి పండు పాడైపోయేది. మేసన్ జాడీ మెడకే మరచుట్లు పెట్టాడు. అవి భుజం దాకా పోకుండా కాస్త పైనే ఆగిపోతాయి. అందువల్ల మూత అంచు భుజం మీద గట్టిగా ఆనుకుంటుంది. ఎంత చక్కని ఆలోచన! 1858 నవంబర్ 30న దానికి పేటెంటు వచ్చింది.

మేసన్ హక్కులు తర్వాత న్యూజెర్సీలోని కన్సాలిడేటెడ్ ఫ్రూట్ జార్ కంపెనీకి చేరాయి. ఆ కంపెనీ ఆయన 1870 నాటి మరో పేటెంటును నమ్ముకుని కోర్టుకెక్కింది. అక్కడే దెబ్బ తగిలింది. ఆ రకం జాడీలను మేసన్ 1859లోనే రెండు డజన్ల దాకా చేయించి, కొన్ని అమ్మాడు కూడా. దరఖాస్తు పెట్టింది మాత్రం 1868లో. అమ్మకం మొదలైన రెండేళ్లలోపు అడగాలన్నది అప్పటి చట్టం. 1876లో సుప్రీంకోర్టు ఆ పేటెంటు చెల్లదంది.

1858 పేటెంటు గడువూ 1879లో తీరింది. ఇక ఎవరైనా చేసుకోవచ్చు. బాల్ సోదరులు 1884లో బఫెలోలో గాజు జాడీల తయారీ మొదలుపెట్టి, తర్వాత సహజవాయువు చవకగా దొరికే ఇండియానాలోని మన్సీకి తరలి బాగా ఎదిగారు. మేసన్ 1902లో పేదరికంలో కన్నుమూశాడు. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది.

ఎన్నో కంపెనీలు దశాబ్దాలపాటు తమ జాడీల మీద ఆ 1858 తేదీనే అచ్చువేశాయి. కాబట్టి ఆ అంకె కనిపించినంత మాత్రాన జాడీ వయసు తేలదు.