ఇంటిపన్నుపై ప్రజల వోటు

(పట్టణ పఠనమందిరమున జరిగిన సభలో ఒక న్యాయవాది చేసిన యుపన్యాసము)



ఈ మందిరమునకు వచ్చువారిలో ననేకులు పత్రిక విప్పగనే మొదట జూచునది స్థలముల వెలలని నేనెరుగుదును. ఏ పేటలో గజము వెల యెంత పెరిగినది, ఏ వీధి వెడల్పు కానున్నది అని తెలిసికొనుట తప్పు గాదు. కాని వెల వెనుకనే పన్నును పెరుగును. ఆ పన్ను నిర్ణయించు నధికార మెవరిదన్న ప్రశ్న మనవారికి క్రొత్తది గాదు. 1919లో చీరాల, పేరాల గ్రామములను గలిపి పురపాలక సంఘము నేర్పరచినపుడు, ఏటికి నాలుగువేల రూపాయలుగా నున్న పన్ను నలువదివేల వరకు బోయెను. వలదని జనులు మొరపెట్టుకొనిరి, విన్నవారు లేరైరి. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున వారు ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని, పదునొకండు నెలలు ఎండవానల కోర్చిరి. పన్ను వలదనుటకు వారికి పాకలు తప్ప వేరు వోటు లేకపోయెను.

అట్టి వోటు నిజముగా నున్నచో నేమగును? ఉన్నచోటు నొకదానిని జూతము. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ప్రజలే సంతకములు కూర్చి, శాసనమును ప్రతిపాదించి, వోటునకు బెట్టుకొను హక్కు 1911 నుండి యున్నది. మన తెలుగువారు వేలకొలది అచట ఇండ్లు కొని కాపురముండుటచే ఇది మనకు పరాయి కథయు గాదు.

1970 తరువాత నచట ఇండ్ల వెలలు విపరీతముగా బెరిగినవి. వెలతోపాటు పన్నును బెరుగగా, పింఛనుతో కాలము గడపు వృద్ధులు స్వంత యింటనే నిలువలేని స్థితికి వచ్చిరి. రాష్ట్ర ఖజానాలో మిగులు పేరుకొనుచున్నను పాలకులు సకాలమున కదలలేదు. అపుడు హోవర్డ్ జార్విస్, పాల్ గాన్ అను నిరువురు పూనుకొని 13వ ప్రతిపాదనను వోటునకు దెచ్చిరి. 1978 జూన్ 6న నూటికి దాదాపు 65 వోట్లతో నది నెగ్గెను. ఆస్తి విలువలో నూటికి ఒకటికి మించి పన్ను వేయరాదు; విలువను 1975 నాటి లెక్కకు దింపవలెను; పిదప ఏటికి నూటికి రెండుకు మించి పెంచరాదు; ఆస్తి చేతులు మారినపుడు మరల నాటి వెల కట్టవలెను. ఇదియే యందలి సారము.

వృద్ధుల కిల్లు దక్కెను. ఆ మేలును నేను తక్కువగా జెప్పను. కాని ప్లీడరును గనుక దస్తావేజు తేదీని జూడక మానను. 1975లో ఏబదివేల డాలర్లకు ఇల్లు కొన్నవా డొకడు, పదునైదు లక్షల డాలర్లకు దాని పక్కయిల్లు 2025లో కొన్నవా డొకడు అనుకొందము. మొదటివాని పన్ను ఏటికి ఇంచుమించు పదమూడువందల డాలర్లు; రెండవవానిది పదునైదువేలు. వీధి యొకటే, బడి యొకటే, మంటలార్పు బండియు నొకటే! ఇట్లు పొరుగువారికంటె నైదురెట్లు కట్టవలసివచ్చిన యొక యిల్లాలు అమెరికా సుప్రీంకోర్టు వరకు బోయెను. 1992లో ఎనమండుగురు న్యాయమూర్తులు శాసనమునే సమర్థించిరి. స్టీవెన్స్ అను న్యాయమూర్తి యొక్కడు మాత్రము, పుట్టుకనుబట్టి వచ్చు ఈ ప్రత్యేకహక్కు మధ్యయుగముల నాటిదని ఆక్షేపించెను. ఆయన మాట నిరాధారము గాదు. ఈ తక్కువ విలువ తలిదండ్రులనుండి బిడ్డలకు సంక్రమించునట్లు 1986లో మరియొక వోటు జరిగెను. 2020లో గాని, బిడ్డలు ఆ యింట స్వయముగా కాపురముండవలెనను నియమము రాలేదు.

ఇక అద్దెకున్నవారి మాట. జార్విస్ లాస్ ఏంజెలిస్‌లో అద్దెయిండ్ల యజమానుల సంఘమునకు పనిచేసినవాడు. పన్ను తగ్గిన అద్దెయు దగ్గునని ప్రచారము జరిగెను. పన్ను తగ్గినది, అద్దెలు తగ్గలేదు. 1979లో లాస్ ఏంజెలిస్, శాన్ ఫ్రాన్సిస్కో నగరములు అద్దెలకు శాసనముచే హద్దు పెట్టవలసివచ్చెను. స్థానిక సంఘముల ఆస్తిపన్ను రాబడి ఒక్కసారిగా సగమునకు పైగా పడిపోగా, బడుల పోషణ రాష్ట్రప్రభుత్వముపై బడెను. బడితోపాటు దానిపై పెత్తనమును ఊరి చేతినుండి రాజధానికి బోయెను. స్వపరిపాలన కోరి వోటు వేసినవారు దానిని గొంత పోగొట్టుకొనిరి! పెద్ద వర్తక సంస్థల భూములకు గూడ ఇదే రక్షణ దక్కెను. వానిని వేరుచేసి నేటి వెలకు పన్ను వేయుదమన్న 15వ ప్రతిపాదన 2020లో 48 వోట్లకు 52 వోట్ల తేడాతో నోడెను. ఒకసారి దక్కిన తగ్గింపును వోటుతో మరలించుట యెంత కష్టమో చూడుడు.

మన ఆంధ్రప్రదేశమున 2020లో పురపాలక చట్టములను సవరించి, అద్దె విలువకు బదులు మూలధన విలువనుబట్టి ఇంటిపన్ను కట్టుటకు నిర్ణయించిరి. పెంపు నూటికి పదునైదు మించరాదని హద్దును బెట్టిరి. ఇందుకు ప్రజల వోటు లేదు. వోటు కావలెననువారిలో నేనును నొకడను. చీరాల కథ చదివి పెరిగినవాడు వేరువిధముగా నెట్లు చెప్పును? అయితే ఆ వోటుపత్రముపై వ్రాయు ప్రశ్న ఇల్లుగలవాడొక్కడే కూర్చుండి వ్రాసినది కారాదు. పేద వృద్ధునికి తగ్గింపు ఆదాయమునుబట్టి యిమ్మందును; కొన్న తేదీనిబట్టి వలదందును. అంగడి సముదాయమును, రెండుగదుల యింటిని ఒకే గాట గట్టవలదందును. నాకు స్వంత యిల్లున్నది, ఈ మాట నాకు నష్టమే కలిగింపవచ్చును.

ఇప్పటికి మనకున్నది అభ్యంతరము తెలుపు హక్కు మాత్రమే. 2021లో పురపాలక సంఘములు ముసాయిదాలు ప్రకటించి అభ్యంతరములు కోరినవి. మరల నట్టి ప్రకటన వెలువడినపుడు, అభ్యంతరపత్రము వ్రాయుటకు సహాయము గోరువారు ఆదివారము ఉదయము ఈ మందిరమునకే రండు, ఫీజు లేదు. మీ యిండ్లలో నద్దెకున్నవారిని గూడ వెంటబెట్టుకొని రండు.