ఒక నివేదికలోని రెండు వాక్యాలు
(ప్లాటినం జూబిలీ పూర్వ విద్యార్థుల సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠం)



ఇటువంటి సభలో ప్రధానోపాధ్యాయిని పాఠశాల చరిత్ర చెప్పాలి గాని రోగాల ఊసు ఎందుకని మీకు తోచవచ్చు. చరిత్ర చెప్పుటకు నాకంటె అర్హులైన పెద్దలున్నారు. ముప్పై ఏళ్ళుగా జీవశాస్త్రం బోధిస్తున్న నేను, 2022లో మా అన్నగారి వైద్య నివేదికను తప్పుగా అర్థం చేసుకొన్నాను. ఇక్కడ కూర్చున్నవారిలో అరవై దాటినవారే ఎక్కువ కనుక ఆ సంగతి చెప్పడం నా విధి అనుకొంటున్నాను.

అన్నగారు కూడా ఈ బడి విద్యార్థే. అప్పుడాయన వయస్సు 66. ఎంతకీ తగ్గని అజీర్తికి పరీక్ష చేయించగా జీర్ణాశయంలో తొలిదశ క్యాన్సర్ బయటపడింది. గోడలోని పై రెండు పొరలను దాటని దానిని తొలిదశ అంటారు. బరంపురం నుండి విశాఖపట్నం తీసుకొని వెళ్ళాము. అక్కడ పొట్ట కోయకుండా, నోటి ద్వారా ఎండోస్కోపీ గొట్టం పంపి, విద్యుత్ కత్తితో ఆ భాగాన్ని చెక్కి తీశారు. కొద్ది రోజులకు పాథాలజీ నివేదికను ఒక కవరులో పెట్టి కౌంటరులో చేతికిచ్చారు. వివరించే నాథుడు లేడు. ఆంగ్లంలో ఉన్న ఆ కాగితంలో, తీసిన ముక్క పక్క అంచున క్యాన్సర్ కణాలున్నవనే వాక్యం నా కంట పడింది. ‘పూర్తిగా తీయలేదన్నమాట’ అన్నాను. ఆ రాత్రి మా ఇంట ఎవరూ అన్నం ముట్టలేదు.

మరునాడు వైద్యుడు ఆ వాక్యాన్ని చూసి పెద్దగా చలించలేదు. ఆయన వేలు వేరొక వాక్యం మీద ఆగింది. లింఫు నాళాలలో క్యాన్సర్ కణాలు కనిపించాయని అందులో ఉంది. నేను దానిని చదివి కూడా దాటిపోయాను!

రెండింటికీ భేదం ఏమిటి? పక్క అంచున మాత్రమే కణాలు మిగిలి, తక్కిన లక్షణాలన్నీ అనుకూలంగా ఉన్నచో అది ఆ చోటికి సంబంధించిన సమస్య. విద్యుత్ కత్తి వేడికి ఆ మిగిలినవి మాడిపోయి ఉండవచ్చు. ఉన్నా మరల ఎండోస్కోపీతో తీయవచ్చు, లేదా తరచు పరీక్షిస్తూ కనిపెట్టి ఉండవచ్చు. కాని క్యాన్సర్ లోతుకు దిగి లింఫు నాళాలను పట్టినచో కణాలు జీర్ణాశయం వెలుపలి లింఫు గ్రంథులకు చేరి ఉండవచ్చు. అక్కడికి ఎండోస్కోపీ గొట్టం పోదు. లోతు అంటే ఎంతనుకొన్నారు? రెండవ పొరలో అర మిల్లీమీటరు. మన పిల్లల జామెట్రీ పెట్టెలోని స్కేలు మీద అతి చిన్న గడిలో సగం!

ఈ చికిత్సను ఎక్కువగా అభివృద్ధి చేసినవారు జపాను వైద్యులు. ఎండోస్కోపీతో నయమైనట్లు చెప్పలేని 1,101 మంది రోగుల వివరాలను 19 వైద్య సంస్థల నుండి సేకరించి, 2017లో వారొక మార్కుల పద్ధతిని ప్రకటించారు. లింఫు నాళాలలో కణాలుంటే 3 మార్కులు. గడ్డ 30 మిల్లీమీటర్లు మించితే, అడుగు అంచున కణాలుంటే, సిరలలో ఉంటే, అర మిల్లీమీటరు లోతు దిగితే ఒక్కొక్క మార్కు. ఒకటి లోపు వచ్చినవారిలో నూటికి 2.5 మందికి, రెండు నుండి నాలుగు వచ్చినవారిలో 6.7 మందికి, ఐదు నుండి ఏడు వచ్చినవారిలో 22.7 మందికి లింఫు గ్రంథులలో వ్యాధి కనిపించింది. ఎక్కువ వస్తే దుఃఖించవలసిన మార్కులు ఇవే కాబోలు! పక్క అంచుకు ఇందులో మార్కే లేదని గమనించండి.

అన్నగారికి నాలుగు వచ్చాయి.

ఇక నిర్ణయం. జీర్ణాశయంలో కొంత భాగాన్ని, చుట్టూ ఉన్న గ్రంథులను తొలగించే శస్త్రచికిత్సయే ఇట్టి సందర్భంలో సాధారణ మార్గం. అయితే నూటికి తొంభైమందికి పైగా గ్రంథులలో ఏమీ ఉండదని ఆ లెక్కే చెబుతున్నది. శస్త్రచికిత్సకు తన ప్రమాదం తనకున్నది. తరువాత బరువు తగ్గడం, భోజనమైన వెంటనే నీరసం, తల తిరగడం వంటి బాధలూ ఉంటాయి. అదే వార్డులో 82 ఏళ్ళ గుండెజబ్బు గల వృద్ధురాలికి దాదాపు ఇవే ఫలితాలు వచ్చాయి. ఆమె, ఆమె కుమారులు వైద్యునితో మాట్లాడి శస్త్రచికిత్స వద్దనుకొన్నారు. ఆ నిర్ణయం తప్పని నేననలేను. అన్నగారు మాత్రం, ‘అమ్మా, నా గుండె, ఊపిరితిత్తులు బాగున్నవి. గ్రంథులలో మరల తలయెత్తితే అప్పుడు నయం చేయడం కష్టమట. ఇప్పుడే చేయించుకొంటాను’ అన్నారు.

చేశారు. పరీక్షించిన గ్రంథులలో ఒక్కదానిలోనూ క్యాన్సర్ లేదు. పాత చోట కూడా ఏమీ మిగలలేదు. ‘అనవసరంగా కోయించుకొన్నారు’ అని బంధువులు కొందరన్నారు. నాకు కోపం వచ్చింది. గ్రంథులను తీసి చూడక ముందు ఆ మాట ఎవరు చెప్పగలరు? అయినా ఆయన తొమ్మిది కిలోలు తగ్గి, చొక్కాలన్నీ కుట్టించుకొన్నప్పుడు నాకు కూడా ఆ సందేహం కలగకపోలేదు.

మిగిలిన జీర్ణాశయంలో కొత్తగా క్యాన్సర్ పుట్టే అవకాశం ఉన్నందున హెలికోబాక్టర్ క్రిములకు మందులు వాడారు. ఏటేటా ఎండోస్కోపీ జరుగుతున్నది. మీ ఇంట ఎవరికైనా ఇట్టి నివేదిక వస్తే, నావలె ఒక్క వాక్యం దగ్గర ఆగిపోక, పక్క అంచా, అడుగు అంచా, లోతెంత, నాళాల మాటేమిటి అని వైద్యుని అడగండి. రోగి ముందే అడగండి, నిర్ణయించుకోవలసినది ఆయనే.

అన్నగారు మూడవ వరుసలో కూర్చొని, నేనీ కథ ఎందుకెత్తానా అని చూస్తున్నారు. మధ్యాహ్నం పంక్తిలో వడ్డించే పిల్లలకు ఒక మనవి. ఆయన రోజుకు ఆరుసార్లు కొద్దికొద్దిగా తింటారు. మొహమాటానికి విస్తరి చాచినా పులిహోర రెండవసారి వేయకండి.